తెర దాటిన గీతలు

హేమంతప్రారంభమున ప్రాచీదిగంతమునకు అరుణరాగ మింకను సోకకమునుపే నాగావళీతీరమునుండి లేచిన దట్టమైన మంచు చెరకుతోటల మీదుగా మెల్లమెల్లగా ప్రాకివచ్చి వేణుగిరి దుర్గమును బురుజులతో గూడ మ్రింగివేయుచుండెను. గోడరాళ్ల సందులనుండి జారు హిమబిందువులు క్రింద పడియున్న పాత ఫిరంగుల తుప్పుపై బడి చప్పుడు లేకయే యింకిపోవుచుండెను. నగారాఖానాలో సన్నాయి వాయించువాడు చలికి వ్రేళ్లు కొంకర్లు పోవుటచే ఒకే స్వరమును పట్టి విడిచి మరల పట్టుచుండెను. ఏనుగుసాలలో వృద్ధగజ మొకటి తన యూపిరి తనకే పొగవలె కనబడుచుండగా కదలక మెదలక నిలిచియుండెను. ఆ ప్రభాతమున వెలుగు వచ్చినదని చెప్పుటకంటె చీకటి తెల్లబడినదని చెప్పుట యొప్పును.

అట్టి ప్రాతఃకాలమున ఆకెళ్ల నరహరిశాస్త్రి యను పండితుడు శాలువ నిండుగా కప్పుకొని అంతఃపురమునకు చేరియున్న పడమటి వసారాలోనికి ప్రవేశించెను. ఆయన ఏబదియేండ్లు దాటినవాడు. వ్యాకరణాలంకారశాస్త్రములందు ఆ ప్రాంతమున ఆయనకు సాటివచ్చువారు లేరని ప్రతీతి. గడచిన సంవత్సరము ఆయన భార్య విషజ్వరముచే గతించెను. నాటినుండి ఆయన వేళకు స్నానము చేయుచు వేళకు భుజించుచు అడిగినవారికి శ్లోకార్థము చెప్పుచునే యుండెను గాని అన్నపు రుచియు శ్లోకపు రసమును ఆయనను తాకుట మానివేసెను. ఆయన కంట నీరు పెట్టలేదు. బంధువులు దానిని ధైర్యమనిరి. అది ధైర్యము కాదనియు దుఃఖమని పేరు పెట్టుటకు గూడ చాలని యొక మొద్దుదనమనియు ఆయనకు మాత్రమే తెలియును. కావుననే వేణుగిరి సంస్థానమునుండి పిలుపు రాగా ఎచ్చట నున్నను ఒకటియే యనుకొని బయలుదేరి వచ్చెను.

వేణుగిరి ప్రభువగు రాజా వీరభద్రరాజు బహద్దరువారికి నీలాయమ్మ యేకైకపుత్రిక. ఆమెకు పదునారేండ్లు. శైశవమున నిఘంటుశ్లోకములను ఒక్కసారి విన్నంతనే అప్పగించి సభ్యులను విస్మయపరవశులను గావించిన బాలిక. గడచిన వర్షాకాలమున ఆమె తల్లి ప్రసవవేదనతో మరణించెను. తల్లి శరీరమును కోటనుండి కొనిపోవునపుడు గూడ ఆ బాలిక యేడ్వలేదు. ఆనాటినుండి మాటాడుటయు మానెను. వైద్యులు లేహ్యములిచ్చిరి. మంత్రవేత్తలు రక్షరేకులు కట్టిరి. పిలిచిన వచ్చును. పెట్టిన తినును. అంతకుమించి ఆమెయందు చలనము లేకుండెను. కావ్యరసమైనను ఈ శిలను కరగించునేమో యని తలపోసి తండ్రి శాస్త్రిని రప్పించెను.

ఆ రాజకుటుంబమున స్త్రీలు ఘోషా పాటించువారు. కావున వసారాకును లోపలి గదికిని నడుమ ముదురునీలిరంగు గల బరువైన తెర వ్రేలాడుచుండెను. దాని యంచు నేలకు జానెడెత్తున నిలిచియుండెను. తెర కీవల శాస్త్రి కూర్చుండును. ఆవల నీలాయమ్మ కూర్చుండును. ఆమెను పసినాటినుండి పెంచిన ఎరకమ్మ యను దాసి గుమ్మమునొద్ద చేరగిలబడి తమలపాకులు తుడుచుచుండును. శాస్త్రి మహాకావ్య మొకటి యారంభించి పదవిభాగము చెప్పెను. అన్వయము చెప్పెను. అర్థమయినదా యని అడిగెను. తెరనుండి ప్రత్యుత్తరము రాలేదు. మరునాడును రాలేదు. మార్గశీర్షము గడచి పుష్యము వచ్చినను రాలేదు. మరియొక పండితుడైనచో అవమానమని తలచి యుండును. శాస్త్రికి ఏమియు తోచలేదు. తన కంఠమునుండి వెడలు మాటలు ఎవరివో యన్నట్లు తానును వినుచుండెను.

ఒకనాడు ఆయన చెప్పుచు చెప్పుచు ఏమరుపాటున ఒక సమాసమునకు తప్పు విగ్రహవాక్యము చెప్పెను. వెంటనే తెరవెనుక గాజులు ఒక్కసారి కదలి ఊరకుండెను. శాస్త్రి ఆగిపోయెను. పొరపాటు దిద్దుకొని ముందునకు సాగెను గాని ఆయన మనస్సు అచ్చటనే నిలిచెను. తాను ఇన్నిదినములు చెప్పుచున్న దంతయు ఆ బాలికకు ఇదివరకే తెలియునని ఆయనకు బోధపడెను. పాఠము ముగిసిన పిమ్మట ఆయన దాసిని పిలిచి అమ్మగారు లోపల ఏమి చేయుచుందురని అడిగెను.

“ఇంటారు బాబూ. మాటాడ్నేదు గానీ అన్నీ ఇంటారు. అయ్యోరెల్లిపోయినాక ముగ్గులేసుకుంటారు. అవేటి ముగ్గులో నాకు తెల్దు. పువ్వుండదు, ఆకుండదు. సుక్కలూ మెలికలూ, సుక్కలూ మెలికలూ. ఏత్తారు, సెరిపేత్తారు, మల్లీ ఏత్తారు.”

మాఘమాసమున ఒక యుదయము శాస్త్రి వచ్చి కూర్చుండునప్పటికి తెర యంచు క్రిందనుండి తెల్లని పిండిగీత లేవియో వసారాలోనికి వచ్చియుండెను. లోపలి నేల చాలక ఆ ముగ్గు తెరను దాటి ఈవలికి పెరిగినది. వరుసలు తీర్చిన చుక్కల చుట్టును ఒక గీత సర్పమువలె మెలికలు తిరుగుచు ప్రతి చుక్కను చుట్టి ఒకదానిని గూడ విడువక వెళ్లి మరల లోపలికి పోయెను. పద్మము లేదు. శంఖము లేదు. ప్రక్కనే మరియొక ముగ్గున అవే చుక్కలు ఒక వరుస తక్కువగా నుండెను. అచ్చట గీత ఒకటి గాక మూడుగా విడిపోయి ఒకదానిలో నొకటి చిక్కుకొని యుండెను. శాస్త్రి ఆ దినమున కావ్యము తెరవలేదు. చూచుచు కూర్చుండెను. ఆ గీతలలో ఏదియో యొక ప్రశ్న యున్నట్లును ఆ ప్రశ్నను ఎవరును ఈ బాలికకు ఈయలేదనియు ఆమెయే దానిని కనిపెట్టినదనియు ఆయనకు తోచెను.

ఇచ్చట ఆయన యొక పొరపాటు చేసెను. అది దుష్టబుద్ధితో చేసినది కాదు. చాలకాలమునకు తన మనస్సున ఏదియో కదలినందున ఆ కదలికను ఒకరితో పంచుకొనవలెనను తొందరచే ఆయన ఆ మధ్యాహ్నమే రాజదర్శనమునకు పోయి అమ్మగారు అద్భుతమైన ముగ్గులు వేయుచున్నారని విన్నవించెను. రాజు పరమానందభరితుడయ్యెను. కూతురు మరల మనుష్యులలో పడుచున్నదని ఆయన తలచెను. తండ్రి యట్లు తలచుటలో దోషము లేదు.

ఉగాదినాడు అంతఃపురపు చావడిలో పరిసరసంస్థానముల రాణులును జిల్లా కలెక్టరు దొరసానియు విచ్చేసిరి. రాజుగారి యప్పగారు నీలాయమ్మ చేతికి వెండిగిన్నెతో ముగ్గుపిండి నిచ్చి అందరియెదుట ముగ్గు వేయుమని ఆజ్ఞాపించెను. ఆ సంగతి శాస్త్రికి మరునాడు ఎరకమ్మ చెప్పెను.

“ఏటి సెబితే అది ఏసేసినారు బాబూ. నెమలంటే నెమలి, ఏనుగంటే ఏనుగు. దాసీలు రంగులు పోసినారు. దొరసాని సప్పట్లు కొట్టింది. అమ్మగారు లోనికొచ్చి సేతులు కడిగేసుకున్నారు. అంతే. మల్లీ పిండి గిన్నె ముట్టుకోనేదు.”

ఆనాటినుండి తెర క్రిందనుండి గీతలు రాలేదు. చైత్రము గడచెను. వైశాఖమున వడగాలి తెరను కదల్చినపుడు క్రిందనున్న నేల నల్లగా తుడిచినట్లు కనబడుచుండెను. రాజు మాత్రము తృప్తితోనే యుండెను. విజయదశమికి ఇంకను పెద్దముగ్గు వేయింతమని అనుచుండెను. ఆ బాలిక చేసిన పనికి ఎవరును అడుగకపోవుటయే ప్రాణమై యుండెననియు తాను దానిని అడుగదగిన వస్తువుగా చేసి ఆ ప్రాణమును తీసితిననియు శాస్త్రి గ్రహించెను. గ్రహించినను పశ్చాత్తాపము గూడ ఆయనకు నిండుగా కలుగలేదు. మొద్దుబారిన చేతిపై నీరు పోసినట్లు ఎచ్చటనో దూరముగా చల్లగా తెలిసెను.

ఆయన కావ్యపాఠము మానివేసెను. వేళకు వచ్చి తెర కీవల కూర్చుండి వేళకు లేచిపోవుచుండెను. అట్లు కొన్నిదినములు గడచిన పిదప ఎరకమ్మను పిండి తెమ్మని అడిగి వసారానేలపై తానే చుక్కలు పెట్టెను. ఇది ఆ బాలికను మాటాడించుటకు పన్నిన యుపాయము కాదు. మాఘమాసమున తాను చూచిన ఆ గీత ఒకటిగా వచ్చుట కొకచోటను మూడుగా విడిపోవుట కింకొకచోటను కారణమేమో తెలిసికొనవలెనని ఆయనకు నిజముగనే కోరిక పుట్టెను. భార్య పోయిన తరువాత ఆయనకు పుట్టిన మొదటికోరిక యదియే. పండితునిచేతికి పిండి లొంగలేదు. చుక్కలు వంకరగా పడెను. గీతలు లావుగా పడెను. ఆయన అడ్డముగా ఆరు చుక్కలును నిలువుగా నాలుగు చుక్కలును పెట్టి ఒకే గీతతో అన్నిటిని చుట్టుటకు ప్రయత్నించెను. సగము చుక్కలు మిగిలియుండగనే గీత మొదటికి వచ్చి చేరెను. చెరిపి మరల వేసెను. మరల అట్లే జరిగెను.

“మొగోలు ముగ్గేత్తే ఇలాగే ఉంటాది బాబూ,” అని ఎరకమ్మ ముఖము ప్రక్కకు త్రిప్పుకొని నవ్వెను.

శాస్త్రి ప్రతిదినమును అదే పని చేయుచుండెను. ఆషాఢమున మొదటివానలు పడి వసారాలోనికి జల్లు కొట్టుచుండిన ఒక యుదయమున ఆయన గీతను ఇంకొక మారు తప్పుదారిని త్రిప్పుచుండగా తెర యంచు క్రిందనుండి ఒక చేయి వెలువడి ఆయన వేయుచున్న మెలికను రెండు వ్రేళ్లతో చెరిపివేసెను. ఆయనకు కనబడినది ఆ వ్రేళ్లు మాత్రమే.

“అది యొక గీతగా రాదు,” అని తెరవెనుకనుండి వినవచ్చెను.

ఆ స్వరమున సంతోషము లేదు. విసుగును లేదు. చిరకాలము పెట్టెలో మడచియుంచిన వస్త్రమునకువలె ముడుతలు మాత్రముండెను. ఎరకమ్మ చేతిలోని తమలపాకు నేలపై పడెను. శాస్త్రి ఆశ్చర్యమును పైకి చూపలేదు. మెచ్చుకొనలేదు. తన సందేహమునే అడిగెను.

“ఎందుకు రాదమ్మా?”

“నాలుగును ఆరును పెట్టితిరి. రెండు పోగులు వచ్చును. ఎట్లు వేసినను రెండే.”

“అయిదును ఆరును పెట్టినచో?”

“ఒకటి.”

“మూడును ఆరును?”

“మూడు.”

“ఇట్లగుటకు కారణమేమి?”

వసారా చూరునుండి కారునీరు ముగ్గు అంచును కరగించుచుండెను.

“అది నాకింకను తెలియదు,” అని నీలాయమ్మ పలికెను. “తెలిసినదాక నన్ను అడుగకుడు. ఎవరికిని చెప్పకుడు.”

“అడుగను. చెప్పను,” అని శాస్త్రి బదులుచెప్పెను.

నరహరిశాస్త్రి చిన్ననాట మేనమామయొద్ద జ్యోతిషమును దాని కంగముగా గణితమును చదివినవాడు. ఆమె చెప్పిన లెక్కలు చెవిని పడినంతనే వానిలోని రహస్యము ఆయనకు స్ఫురించెను. నాలుగును ఆరును శేషము లేకుండ భాగించు సంఖ్యలలో పెద్దది రెండు. మూడును ఆరును భాగించువానిలో పెద్దది మూడు. అయిదునకును ఆరునకును ఒకటికంటె పెద్దది లేదు. ఆ సంఖ్యయే పోగుల లెక్క. మాట ఆయన నాలుక కొనకు వచ్చెను. చెప్పిన యెడల పాఠమగును. ఆమె ఇన్నినెలలు నడచి చేరబోవుచున్న చోటునకు ఆమెను ఎత్తుకొనిపోయి దించినట్లగును. ఆయన ఆ మాటను మ్రింగివేసెను. అధ్యాపకుడైన నాటినుండి తెలిసియు చెప్పక మ్రింగినమాట ఆయనకు అదియొకటియే.

అనంతరము ఆయన చేసిన సహాయము చూచువారికి సహాయమువలె కనబడునది కాదు. వసారాలో జల్లు కొట్టుచున్నదను మిషచే రాజానుమతి బడసి పాఠమును పాత ఆయుధశాలకు మార్పించెను. అచ్చట కత్తులును డాళ్లును ఎన్నడో తరలింపబడగా నల్లరాతి పరపు గల విశాలమైన నేల మాత్రము మిగిలియుండెను. అచ్చటను తెర కట్టిరి. అయితే శాస్త్రి తెరను గుమ్మమునకు చేరువగా కట్టించి తనకు చాపవేయు చోటు మాత్రము మిగుల్చుకొని తక్కిన శాల నంతయు ఆమెకు విడిచెను. ఆమె చెప్పినదాక నేల తుడువరాదని దాసీలకు కట్టడి చేయించెను. రాజుగారి యప్పగారు కుట్టుపని నేర్పింతునని వచ్చినపుడు పాఠము జరుగుచున్నదని చెప్పి గుమ్మమునొద్దనే నమస్కరించి పంపివేసెను. విజయదశమికి ముగ్గు వేయింతమన్నపుడు అమ్మగారికి చదువు మధ్యలో నున్నదని చెప్పి తప్పించెను. లోపల ఆమె ఏమి చేయుచున్నదో ఆయన చూడలేదు. చుక్కలు పెట్టుచప్పుడు వినబడదు. అప్పుడప్పుడు చీరకొంగుతో నేల తుడుచు మెత్తని సవ్వడి మాత్రము వినబడును. కొన్నిదినము లదియును వినబడదు. అప్పుడు ఆమె ఆలోచించుచున్నదో ఊరక కూర్చున్నదో ఆయనకు తెలియకుండెను. తెలిసికొనవలెనని లేచి పోలేదు.

ఆశ్వయుజాంతమున రాజు శాస్త్రిని పిలిపించెను. రాజు ముఖమున కోపము లేదు. భార్య పోయిన పిమ్మట ఆ ముఖమున గూడ ఏ భావమును ఎక్కువసేపు నిలుచుట లేదు.

“శాస్త్రిగారూ, మా అమ్మాయి ఇంతకాలమునకు మీయొద్ద ఏమి చదివినది?”

“నాయొద్ద ఏమియు చదువలేదు మహాప్రభూ.”

“మరి యెవరియొద్ద?”

“ఎవరియొద్దను గాదు. తనంతట తానే చదువుకొనుచున్నది.”

“అట్లయిన మీరు ప్రతిదినము అచ్చట కూర్చుండుట దేనికి?”

శాస్త్రి కొంత ఆలోచించి, “ఆ వేళకు మరియొకరు వచ్చి కూర్చుండకుండుటకు,” అనెను.

రాజు ఉంగరపు వ్రేలిని నిమురుకొనెను. పిదప ఆయన ఓఢ్రదేశపు సంస్థానమొకటినుండి సంబంధము వచ్చినదనియు వరుడు యోగ్యుడనియు వారు ఆంగ్లేయ విద్యను కోరుచున్నందున చెన్నపట్టణమునుండి ఒక దొరసానిని పిలిపించుచున్నాననియు శాస్త్రిగారు కార్తికాంతము వరకు ఉండవచ్చుననియు చెప్పెను. శాస్త్రి తల వంచి సమ్మతించెను. వేడుకొనిన ప్రయోజనముండునా యని ఆయన విచారింపకపోలేదు. కాని వేడుకొనుటకు వలసిన వేడిమి ఆయనయందు లేకుండెను. ఒక్కమాట మాత్రము చెప్పెను.

“మహాప్రభువులు ఎప్పుడైన అమ్మగారు లేనివేళ ఆ శాలను చూడవలెను. చూచినట్లు అమ్మగారికి తెలియవలదు.”

రాజు చూచెనని శాస్త్రికి ఎరకమ్మవలన తెలిసెను. నీలాయమ్మ భోజనమునకు పోయిన మధ్యాహ్నము ఆయన ఒంటరిగా వచ్చి పాదరక్షలు గుమ్మము వెలుపల విడిచి లోపల నిలుచుండెను. నేల యంతయు గోడనుండి గోడవరకు చుక్కలును మెలికలును నిండియుండెను. ఒక ముగ్గునుండి ఒక భాగము చదరముగా చెరిపి మిగిలినదానిని ప్రక్కన మరల వేసి దానినుండియు ఒక చదరమును చెరిపి ఇంకను చిన్నదిగా వేసిన వరుసలు అచ్చట నుండెను. రాజునకు వానిలో ఒక్కటియు అర్థము కాలేదు. ఆవలి కిటికీ వరకు పోదలచి ఒక యడుగు వేయబోయి ఆగెను. పిమ్మట గోడ నానుకొని ప్రక్కప్రక్కగా నడచుచు ఒక చుక్కనైనను త్రొక్కక శాల చుట్టు తిరిగివచ్చి వెళ్లిపోయెను.

కార్తికమాసపు చివరి దినములలో ఒకనాడు శాస్త్రి చాపపై కూర్చున్నంతనే తెరవెనుకనుండి నీలాయమ్మ తానై పలికెను.

“గురువుగారూ, తెలిసినది.”

ఆమె ఎరకమ్మచే తెర యంచును ఇంకొక జానెడు పైకి ఎత్తించి కట్టించెను. ఏడు చుక్కలు అడ్డముగను మూడు చుక్కలు నిలువుగను గల ముగ్గు శాస్త్రికి కనబడునట్లు వేయబడియుండెను. ఆమె చేయి వచ్చి కొననున్న మూడును మూడును గల చదరపు భాగమును చెరిపెను. తెగిన గీతల కొనలను కలిపెను.

“పోగులెన్ని చూడుడు.”

“ముందున్నన్నియే. ఒకటి.”

“చదరపు ముక్కలోనికి పోయిన గీత ఎచ్చట దిగినదో ఆ ప్రక్కనే బయటికి వచ్చును. అందుచే ఆ ముక్క యున్నను లేకున్నను గీతకు తేడా లేదు. గోడను తాకి మరలినట్లే.” ఆమె ఇంకొక చదరమును చెరిపెను. “ఇట్లు తీయుచు పోయినచో తుదకు తీయుటకు వీలులేని ముక్క యొకటి మిగులును. దాని వెడల్పు ఎంతయో పోగులన్నియే. ఎంతపెద్ద ముగ్గైనను అంతియే. ఇక వేసి చూడనక్కరలేదు.”

శాస్త్రి ఆ మిగిలిన మూడు చుక్కల చుట్టును తిరిగిన ఒంటిగీతను చూచుచుండెను. మేనమామ నేర్పిన గణితములో ఆ సంఖ్యను కనుగొను మార్గ మిదియే. అయితే అచ్చట అది సూత్రము. ఇచ్చట దానికి కారణము నేలపై పడియుండెను. పెద్దసంఖ్యనుండి చిన్నసంఖ్యను తీయుచు పోవుట యనగా ఏమో ఆయనకు ఏబదియేండ్లు దాటిన పిమ్మట ఇప్పుడు తెలిసెను.

“ఆ మిగిలిన దానికి పూర్వులు పేరేమైన పెట్టినారా?” అని ఆమె అడిగెను.

“పెట్టినారమ్మా. అపవర్తాంకమందురు.”

“అపవర్తాంకము,” అని ఆమె మెల్లగా మరల ననెను. ఆయన ఆమెకు నేర్పిన దంతయు ఆ యొక్కమాటయే.

ఎరకమ్మ తెరను దించబోగా నీలాయమ్మ వలదనెను. కొంత తడవునకు ఆమె మరల పలికెను. ఆ మాటలు శాస్త్రిని ఉద్దేశించినవో తన్ను తాను ఉద్దేశించినవో చెప్పుట కష్టము.

“అమ్మ పోయిననాటినుండి నాకు ఏదియు తగులుట లేదు. అన్నము తగులదు. చలి తగులదు. మీరు చదివిన శ్లోకములు గూడ తగులలేదు. ఇది మాత్రము తగులుచుండెను. ఉగాదినాడు ఇదియు పోయినది. మరల వచ్చునని తోచలేదు.”

శాస్త్రి ఓదార్చుటకు తగిన మాటలు చాల ఎరిగినవాడు. వానిలో ఒక్కదానిని గూడ ఆయన వాడలేదు. ముగ్గుల సంగతి రాజుగారికి చెప్పినది తానేనని మాత్రము చెప్పెను. తెలియునని ఆమె యనెను. ఇరువురిలో నెవరికిని కన్నీరు రాలేదు. ఎరకమ్మ మాత్రము చెంగుతో ముఖము తుడుచుకొనెను.

మరుసటి పాడ్యమినాడు శాస్త్రి తన గ్రామమునకు పోవు బండి యెక్కెను. రాజు ఆయనకు యథోచితముగా శాలువ కప్పించి పంపెను. ఫాల్గుణమున నీలాయమ్మ వివాహము జరిగెను. చెన్నపట్టణపు దొరసాని ఆమెకు ఆంగ్లేయాక్షరములు నేర్పినదనియు ఆమె వానిని వారమునకే నేర్చుకొని మిగిలిన వేళలలో ఊరక కూర్చుండెడిదనియు వినికిడి.

రెండేండ్లకు ఎరకమ్మ స్వగ్రామమునకు పోవుచు దారిలో శాస్త్రి యింట ఆగి ఆయన పెట్టిన భోజనము చేసి అరుగుపై కూర్చుండి క్షేమసమాచారములు చెప్పెను. పెండ్లిమాటలు జరుగునపుడు రాజుగారు వరుని వారిని ఒక్కటే అడిగినారనియు మేడమీద తన కూతునకు వేరుగా ఒక పెద్దగది యుండవలెననియు ప్రాతఃకాలమున ఆమె పిలిచినదాక అందులోనికి ఎవరును పోరాదనియు మాట తీసికొన్నారనియు ఆమె చెప్పెను. అట్లడుగుమని అమ్మగారు కోరినారా యని శాస్త్రి అడుగగా లేదనెను.

“రాజుగారే అడిగినారు బాబూ. ఎందుకడిగినారో ఆయనకీ తెల్దేమో. అమ్మగారికిప్పుడు ఒక బిడ్డ. మాటలు తక్కువే. నవ్వరు, ఏడవరు. పొద్దుటేల ఆ గదిలోకెల్లి తలుపేసుకుంటారు. నేనెప్పుడూ లోనికి సూడ్నేదు.”

“ఇకమీదటను చూడకుము,” అని శాస్త్రి చెప్పెను.

ఆయన ఆ గ్రామమున వీధియరుగుపై పలువురకు చదువు చెప్పుచు మరి పదియేండ్లు జీవించెను. ఆయన శిష్యులు తరువాతి కాలమున చెప్పిన దొకటి గలదు. పాఠము నడుమ ఎవరి చూపైన గ్రంథమునుండి తొలగి వేరొక చోట నిలిచి అచ్చటనే యుండిపోయిన యెడల ఇతర గురువులు గద్దించునట్లు ఆయన గద్దించెడివాడు కాడు. ఏమి చూచుచున్నావని అడిగెడివాడును కాడు. శ్లోకమును సగములో ఆపి ఆ చూపు తనంతట తాను తిరిగి వచ్చువరకు ఊరకుండెడివాడు. ఒక్కొక్కనాడు అది వచ్చెడిది కాదు. ఆనాటికి పాఠ మంతటితో సరి. ఆచార్యునకు వార్ధక్యముచే మరపు వచ్చినదని యూరివారు తలచిరి. ఆయన కాదనలేదు. ఎండ మెల్లగా అరుగు అంచునుండి శిష్యుల మోకాళ్లమీదికి జరుగుచుండగా గ్రంథము ఒడిలో మూసిపెట్టుకొని ఆయన ఎదురుచూచుచు కూర్చుండెడివాడు.